పొయ్యిలో పెట్టిన దోనె

మొన్న గురువారం మా పుట్టింటి ఊళ్లో వాగు మీద వంతెనకు మళ్లీ శంకుస్థాపన జరిగింది. ఎన్నోసారో నేను చెప్పలేను. గెలిచినవాడు వచ్చిన ప్రతిసారీ పాత రాయి పీకించి తన పేరున్న కొత్త రాయి పాతిస్తాడు, పీకిన రాళ్ల మీద మా ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటారు. వదినను చూసిపోదామని ఇల్లందు నుంచి బస్సెక్కి వెళ్లిన నేనూ ఆ షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. ఊళ్లో అందరికన్నా పెద్దావిడ అని మా వదినకు శాలువా కప్పుతారట, ఫొటో తీస్తారట. "అవ్వా, సారు వచ్చే యాళ్లయింది, జల్దీ రా" అని పార్టీ మనిషి ఒకడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. వదిన మాత్రం ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది.

నాకెందుకంత మంటో తెలియాలంటే దోనె సంగతి చెప్పాలి. మన వైపు వాగులు వానకాలంలో ఎలా ఉండేవో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. గోదావరి పెరిగితే నీళ్లు వెనక్కి తన్ని మా వాగు ఒడ్లు తెలియకుండా పారేది. అది దాటితేనే బూర్గంపాడు, అక్కడే దవాఖానా, సంత, పెద్దబడి. దాటడానికి ఊరంతటికీ తాటిమొద్దు తొలిచి చేసిన దోనె ఒకటే, దాన్ని నడపడానికి జీతగాడు లేడు, వంతు ఉండేది. ఇవాళ ఈ ఇల్లు, రేపు పక్క ఇల్లు. మోతుబరి రైతయినా, కోయ ఇంటివారయినా, మా పక్కింటి దర్జీ సాయిబయినా వంతు వస్తే గెడ పట్టవలసిందే, ఎవరైనా ఒడ్డున నిలబడి కేక వేస్తే తింటున్న కంచం వదిలి పరుగెత్తవలసిందే. వంతు తప్పితే జరిమానా లేదు గానీ, ఆగిపోయిన వాళ్లందరికీ ఆ ఇంటివాళ్లే ఆ పూట అన్నం వండిపెట్టాలి, వాళ్లు తింటూ తిడుతుంటే ఎదురు చెప్పకూడదు. ఒకసారి మా నాయన జాతరకు పోయి వంతు మరిచిపోతే, వచ్చినవాళ్లు మా అమ్మ పప్పుచారులో ఉప్పు తక్కువైందని కూడా దెప్పుతూ తిన్నారు, ఆయన తల వంచుకుని మజ్జిగ పోశాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. అంతకన్నా మంచి పాలన ఈ జన్మలో మళ్లీ చూడలేదు.

నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఎలక్షన్లు వచ్చాయి. గెలిచినాయన ఎండాకాలంలో జీపుల్లో దిగి, కొబ్బరికాయ కొట్టి, రాయి పాతి, మైకులో "వచ్చే వానకాలం మీరు వంతెన మీదనే పోతరు, ఇగ ఈ దోనెతోని ఏం పని, పొయ్యిల పెట్టుకోర్రి" అన్నాడు. మావాళ్లను ఏమనాలి, నిజంగానే పొయ్యిలో పెట్టారు. ఆ మధ్యాహ్నం విందుకు దోనెను గొడ్డళ్లతో చీల్చి ఆ కట్టెల మీదే మేకమాంసం ఉడికించారు. అంత పెద్దమనిషి మాట ఇచ్చాక కూడా దోనె ఉంచుకుంటే ఆయనను నమ్మనట్టవుతుందట, అది మర్యాద కాదట. వంతెన లేచాక చీల్చుదామని మా నాయన ఒక్కడే అన్నాడు, ఎవరూ వినలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ మా పని.

వానలు వచ్చాయి, స్తంభం ఒక్కటీ లేవలేదు. కొత్త దోనె తొలుచుకుందామంటే, నేడో రేపో వంతెన వస్తుంటే మంచి తాటిచెట్టును దండగ చేయడమెందుకని ఊరు వాయిదా వేసింది. ఆ శ్రావణంలోనే మా వదినకు తొలి కాన్పు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోందని, దవాఖానాకు తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. మా అన్న, పక్కింటి సాయిబు, మరికొందరు ఆమెను మంచం మీద మోసుకుని వాగు దాకా తెచ్చారు, నేను గొడుగు పట్టుకుని పక్కన నడిచాను. అవతలి ఒడ్డు కనపడుతూనే ఉంది. మా నాయన అలవాటు కొద్దీ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి కేక వేశాడు, ఎవరిని పిలుస్తున్నాడో ఆయనకే తెలియదు. ఈదబోయిన మగవాళ్లను వాగు వెనక్కి విసిరేసింది. పొద్దు వాలేవేళకు ఆ బురద ఒడ్డునే, టార్పాలిన్ కింద, బిడ్డ పుట్టాడు, ఏడవలేదు. వదిన బతికింది, మళ్లీ ఆమె కడుపు పండలేదు.

పలకరించడానికైనా ఆ పెద్దమనిషి రాలేదు. మళ్లీ ఎలక్షన్లకు వచ్చి నిధులు రాలేదన్నాడు, ఎదుటి పార్టీవాడు కాంట్రాక్టరు తిన్నాడన్నాడు, ఆఫీసరు అడవిశాఖ ఒప్పుకోలేదన్నాడు. ఛీ, మనుషులేనా. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అనలేదు. వాళ్ల ఏరు ఎలక్షను, ప్రతిసారీ దాటించింది మేము. నేను ఓటు మానలేదు, మానను కూడా, ఎందుకంటే అది కూడా లేకపోతే వాళ్లు రాయి పాతడానికైనా రారు. కానీ మాట తప్పినవాణ్ని మళ్లీ ఎన్నికలదాకా నిలదీసే దారే లేకపోవడం చూస్తే నాకు రోత పుడుతుంది. ఆగిపోయినవాళ్ల ఎదుట తల వంచుకుని తిట్లు తినే పద్ధతి, అవసరమైతే మధ్యలోనే గద్దె దింపే పద్ధతి చట్టంలో పెట్టనిదే ఇది బాగుపడదు. చదువురాని మా ఊరికి తోచింది అసెంబ్లీలో కూర్చున్నవాళ్లకు తోచదా?

మొన్న శాలువా కప్పాక, సారు గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని వదిన నోటి దగ్గర మైకు పెట్టారు. ఆమె ఆయన మొహంలోకి చూసి, "ఈ వానకాలం వంతు ఎవలిది బిడ్డా?" అని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. "అంతా సర్కారే చూసుకుంటదవ్వా" అని నవ్వి చప్పట్లు కొట్టాడు, వెనక కుర్చీల్లోని కుర్రవాళ్లూ కొట్టారు, వాళ్లకూ అర్థం కాలేదు. మా ఈడు వాళ్లం కొద్దిమందిమి మాత్రం తలలు దించుకున్నాం. ఒకప్పుడు ఆ ఊళ్లో ఏ గడప ముందు నిలబడి ఆ మాట అడిగినా, పొయ్యి ఊదుతున్న పసిపిల్ల కూడా తడుముకోకుండా ఫలానా ఇంటిదని చెప్పేది.