బనగానపల్లె తోటలో రాఘవ టీషర్టు

మా అభిమాన రాక్ బ్యాండు కచేరీలో మిత్రుడు రాఘవ కొనుక్కున్న నల్ల టీషర్టును కర్నూలు ప్రయాణానికి అడిగి తీసుకున్నాను. దాన్ని బస్సులో ఎవరో కొట్టేశారని అతనితో చెప్పాను. అది అబద్ధం.

బనగానపల్లెలో మామిడిపండ్లు కొనబోతే, తోట రైతు నా టీషర్టు మీది పుర్రె బొమ్మను చూసి కదల్లేదు.

"యాడ దొరికిందప్పా ఇది? ఈసారి కాపు శానా ఉండాది. దీన్ని గేటుకు కడితే ఎవురి దిష్టీ తగలదు."

"ఇది పాటలు పాడేవాళ్ళ బొమ్మ, పెద్దాయనా."

"ఈ మొగంతో పాడితే జనం వింటారా?"

"పడి చస్తారు."

"అయితే శానా బలమైన బొమ్మే. ఇయ్యప్పా!"

గంపెడు పండ్లకు అక్కడే విప్పి ఇచ్చేశాను.

ఊరికి వచ్చాక రాఘవ ఆ పండ్లే తింటూ, "పోతే పోయిందిలేరా, బాధపడకు" అని నన్ను ఓదార్చాడు. నేను తలెత్తకుండా ఇంకో పండు కోసిచ్చాను.