శివవ్వ వాకిట్లో మిర్చి కుప్ప

కర్ఖేలి ఊళ్ళో ఎవరికి ఎవరితో చెడినా, పోలీసు ఠాణా కంటే ముందు శివవ్వ వాకిలే గుర్తొచ్చేది. ఆమె చేసేదల్లా ఒక్కటే. జగడమాడిన ఇద్దరినీ చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఎండు మిర్చి కుప్పకు చెరో పక్కన కూర్చోబెట్టి, "తొడిమలు తియ్యుండ్రి" అనేది. కుప్ప అయ్యేదాకా తప్పెవరిదన్న మాట ఎత్తకూడదు. అది ఆమె కానూను!

ఊళ్ళో సీతారాం, వాళ్ళన్న ఇద్దరూ పొలం గట్టు కోసం గొడ్డళ్ళు ఎత్తిన ఏడు కూడా అదే మందు. సగం కుప్ప అయ్యేసరికి తుమ్ములే తుమ్ములు, కళ్ళ నిండా నీళ్ళు. మీసాలున్న మగాళ్ళు సైతం అక్కడ కడుపారా ఏడ్చేవాళ్ళు. అడిగితే మిర్చి ఘాటనేవాళ్ళు. ఎవరు కాదంటారు?

"కొట్లాట ఆపెటోళ్ళంటే యేసయ్యకు పాణం బిడ్డా" అని నవ్వుతూ చాయ్ పోసేది శివవ్వ.

చర్చిలోనూ పెత్తనం ఆమెదే. కోతల పండుగనాడు గడపలో నిలబడేది. ఎవరితోనైనా మాటలు లేనివాళ్ళు పంట తెచ్చి దేవుని బల్లమీద పెట్టడానికి వీల్లేదు. "ముందు పోయి కలిసిరా పో" అని గంపతో సహా వెనక్కి తోలేది.

ఇంత చేసే మనిషికి నోరు మాత్రం అదుపులో ఉండదు. తొంభై ఆరులో, వానల మొదట్లో, ఆమె మేక పక్కింటి లచ్చవ్వ మిర్చి నారు మేసింది. లచ్చవ్వ మేకను కట్టేసింది. మాటా మాటా పెరిగింది. మొగుడు వదిలేసి పోయిన ఆ ఆడమనిషిని వాడకట్టు మధ్యన నిలబెట్టి, "గీ నోటికే నీ మొగడు ఇడిసిపెట్టి పోయిండు" అనేసింది శివవ్వ. లచ్చవ్వ మేకను విప్పి, లోపలికి పోయి తలుపేసుకుంది.

రోజూ ఒకే రోట్లో నూరుకున్న వాళ్ళు! లచ్చవ్వ మళ్ళీ నాటిన చేను ఎర్రబడింది, కోత కూడా అయింది, మాట మాత్రం కలవలేదు.

కోతల పండుగ వచ్చింది. శివవ్వ మిర్చి గంప నెత్తిన పెట్టుకుని చర్చి గడప దాకా పోయి ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, అసలు ఆపే మనిషే ఆమె గదా. పాస్టరు లోపలికి రమ్మన్నాడు.

"నేనెట్ల అస్త సాబ్? లచ్చవ్వతోని నాకు మాటలు లెవ్వు" అంది. అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

వెనక్కి తిరిగి నేరుగా లచ్చవ్వ వాకిట్లోకి పోయి, గంపెడు మిర్చి బోర్లించి, ఒక్కతే కూర్చుంది. తలుపు మూసే ఉంది. అవతల చర్చిలో పాటలు మొదలయ్యాయి. ఎన్నో జగడాలు తెంపిన శివవ్వకు, ఆ మూసిన తలుపు తట్టే ధైర్యం చాలలేదు. వంచిన తల ఎత్తకుండా తొడిమలు తీస్తూ పోయింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "ఒక్కదానివి తీస్తె రాజీ అయితదా? ఏం కానూనే నీది!" అంటూ లచ్చవ్వ అవతలి పక్కన కూర్చుంది. కాసేపటికి ఇద్దరూ తుమ్మడం మొదలుపెట్టారు. ఒకరి తుమ్ముకు ఒకరికి నవ్వొచ్చింది.

కుప్ప అయింది. "ఆ మాట అనొద్దుండె అక్కా" అంది శివవ్వ. "ఇన్నేండ్లు అందరితోని మాఫీ చెప్పిచ్చిన. గా మాట నోట్లకెళ్ళి అచ్చుడు గింత కష్టమని నాకేం ఎరుక?"

లచ్చవ్వ మిర్చి గంపలోకి ఎత్తి, ఒక పక్క తాను పట్టుకుని, రెండో పక్క శివవ్వకు చూపించింది.

ఇద్దరూ మోసుకుంటూ లోపలికి వచ్చేసరికి పాస్టరు పాట ఆపేశాడు. గంప బల్ల మీదికి ఎక్కగానే మొదట తుమ్మిందీ ఆయనే. ఆ తర్వాత చర్చంతా తుమ్ములు, నవ్వులు!

వరండాలో చేతులు కడుక్కున్నాక కూడా శివవ్వ కళ్ళు కారుతూనే ఉన్నాయి. లచ్చవ్వ కొంగుతో తుడిచింది.

"ఇంకెందుకే ఏడుస్తవ్? మిర్చి అయిపోయినయ్ గద."