రేడియో అమ్మ అసలు గొంతు

ద్వారకా నగర్‌లో రిపేరు కొట్టు ముందు తోలు తొడుగు ట్రాన్సిస్టర్ ఒకటి కనిపించింది. మీ ఇళ్లలోనూ ఉండేది, గుర్తుందా? చిన్నప్పుడు అమ్మ పోయాక, రేడియో నాటకాల్లో తల్లి పాత్ర వేసే ఆవిడ గొంతు కోసం మా ఇంట్లోదానికి చెవి ఆనించి కూర్చునేదాన్ని. ఆవిడ మా పోర్టు క్వార్టర్స్ వెనకే ఉంటుందని తెలిసి, నా జడ నేనే అల్లుకుని వెళ్లాను. గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

“ఏటే పిల్లా, ఏటి కావాల?” ఇసకలో పడవ ఈడ్చినట్టుంది గొంతు.

“రేడియోలోలా ‘నా తల్లీ’ అని ఒక్కసారి పిలుస్తారాండీ?”

“అది మైకు కాడ గొంతమ్మా. ఇంటికాడ నాదిదే. రా, సేపల కూరుంది, తిందూగాని.”

వద్దని వచ్చేశాను. ఏడేళ్లకే అంత నాజూకు నాకు! మెట్లు దిగుతుంటే “సల్లారిపోద్దే!” అని వెనక నుంచి అరిచింది.

నన్ను అన్నానికి అంత గట్టిగా మళ్లీ ఎవరూ పిలవలేదు.