పత్తిదొడ్లో నల్లపులి

మా పురిటి గదికి ఒకటే కిటికీ. అది ఇంటి వెనక పత్తిదొడ్డి వైపు ఉండేది, ఇనుప చువ్వలతో. తొలిచూలు కాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, నాకు అమ్మ లేదు. అందుకని నాందేడులో అత్తవారింట్లోనే పురుడు పోసుకున్నాను. మా మామగారిది పత్తి వ్యాపారం, పరువు గల ఇల్లు. ఆ ఇంటి ఆడవాళ్ళు వాకిలి దాటరు. పురిటి మనిషికి గది గడప దాటే హక్కు కూడా లేదు. అన్నం గడప అవతల పెట్టి దూరం జరిగేవాళ్ళు.

ఆడపిల్ల పుట్టింది, నల్లగా. నేను తెలుపు, ఆయన తెలుపు, మా అత్తగారైతే దబ్బపండు ఛాయ. ఆమె గడప అవతల నుంచే చూసి, "ఎవలి పోలికనో" అని వెళ్ళిపోయింది. రోజూ ఆ మాటే. బిడ్డను ఎత్తుకోమంటే మైల అనేది. ఆ మైల మా అత్తగారికి భలే అక్కరకొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడే మాహూరు కొండల నుంచి ఎడ్లబండి మీద ఒక బోను వచ్చింది. అందులో నల్లపులి. దాన్ని హైదరాబాదులో ఎవరో నవాబుగారి తోటకు పంపాలట. రైలుపెట్టె దొరికేదాకా మా దొడ్లో పత్తి పాక పక్కన ఉంచారు. రేణుకమ్మ కొండ మీద దొరికింది కనుక అది అమ్మవారి పులి అని ఊరంతా కదిలింది. కొబ్బరికాయలు, కుంకుమ, రవికెగుడ్డలు పట్టుకుని వచ్చి దండాలు పెట్టారు. అమ్మవారిదైతే బోనులో ఎందుకు పెట్టారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

జనం ఉన్నంతసేపూ అది మూలకు ఒదిగి పళ్ళు చూపేది. దొడ్డి ఖాళీ అయ్యాక లేచి నడిచేది. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. తిరిగేటప్పుడల్లా ఒకే చువ్వకు రాసుకుని భుజం మీద వెంట్రుకలు ఊడిపోయాయి. దాన్ని చూస్తూ నేనూ గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. పచ్చి బాలింతవు, నడుము పోతుందని మంత్రసాని తిట్టేది.

దండాలు పెట్టేవాళ్ళు పాక నీడలో నిలబడి చూసేవాళ్ళు కనుక వాళ్ళకది ఒట్టి నలుపు. నా కిటికీ వైపు నుంచి పొద్దుటెండ ఏటవాలుగా పడేది. ఆ వెలుగులో దాని ఒంటినిండా మచ్చలు కనిపించాయి, నల్లపట్టు చీర మీద నల్లదారంతో నేసిన బుటాల్లాగా. అది చిరుతే, రంగు ఒక్కటే తేడా. ఒకరోజు అది వెల్లకిలా దొర్లినప్పుడు పొట్ట మీద చన్నులు చూశాను. పాలతో నిండి ఉన్నాయి. బాలింతను పోల్చుకోలేనా నేను?

మర్నాడు రెండో బండి వచ్చింది. కొండ మీద పులికి బోను పెట్టిన చోటే రాళ్ళ సందున దొరికిందని ఒక చిరుతకూనను గంపలో తెచ్చారు. పసుపు ఒళ్ళు, మచ్చలు. గుడ్డపీలికతో మేకపాలు పిండితే తాగలేదు. ఇది వేరే చిరుతది, నల్లది దీన్ని చూస్తే నమిలేస్తుంది అని గంపను దూరంగా పెట్టారు. కూన ఏడ్చినప్పుడల్లా నల్లపులి నడక ఆగిపోయేది. గొంతులోంచి రంపం కోసినట్టు ఒక చప్పుడు చేసేది. ఆ ఏడుపుకు నా రవిక కూడా తడిసేది.

కూనను తల్లి దగ్గర వదలమని మంత్రసానితో చెప్పి పంపాను. మా పుట్టింట్లో నల్లపిల్లి చారల పిల్లల్ని కనలేదా అన్నాను. అమ్మవారి వాహనం ఎక్కడన్నా ఈనుతుందా, అట్లా అంటే కళ్ళు పోతాయి అని మా అత్తగారి జవాబు. మరునాటికి కూన గొంతు సన్నబడింది. ఆ సాయంత్రానికి చచ్చిపోతుందని నాకు తెలిసిపోయింది.

అత్తగారు అన్నం పెట్టడానికి వచ్చినప్పుడు లేచి గడప మీద నిలబడ్డాను.

"అత్తమ్మా, మీరు లోపలికొచ్చి ఈ కిటికిల నుంచి చూడుండ్రి. చూడకుంటె నేనే దొడ్లకు పోత. అడ్డమొచ్చినోళ్ళనందర్ని ముట్టుకుంట."

దొడ్డినిండా మగవాళ్ళు. వంటింట్లో దేవుడి మడి. ఆమె నా ముఖం చూసింది. అన్నంత పనీ చేస్తానని అర్థమైనట్టుంది, కొంగు బిగించి లోపలికి వచ్చింది. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. బుటాలూ చూసింది, చన్నులూ చూసింది. ఆరుగురిని కన్న మనిషి. చువ్వల్లోంచే పనివాళ్ళను కేకేసి, కూనను బోనులోకి తొయ్యమంది.

పులి వాసన చూసింది. కూన మెడ పట్టుకుని మూలకు తీసుకుపోయింది. ఒళ్ళంతా నాకింది. కాసేపటికి పాలు తాగుతున్న చప్పుడు మా గదిలోకి వినిపించింది. నాకు ఏడుపొచ్చింది.

అత్తగారు వెనక్కి తిరిగి బిడ్డ వైపు చూసింది. "ఎట్లైనా తానం చెయ్యాల్నాయె" అంటూ కింద కూర్చుని దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ముక్కూ నుదురూ తడిమి చూసింది.

"మనదే, మన ఇంటి పిల్లనే" అంది.

ఆ మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో. ఆ సంతోషంలోనే కిటికీ వైపు చూశాను. స్టేషనుకు తీసుకుపోవడానికి బోనుకు తాళ్ళు కడుతున్నారు. రైలుపెట్టె దొరికిందట. బోనులో తల్లీ పిల్లా ఒకదాన్నొకటి చుట్టుకుని పడుకున్నాయి. దాని పిల్ల దానిదని తేలింది కనుక అదీ బోనులోనే పెరుగుతుంది.

అత్తగారి ఒళ్ళో నా బిడ్డ నిద్రపోయింది. అదీ ఈ ఇంటిదేనని తేలింది. ఈ ఇంటి ఆడవాళ్ళు వాకిలి దాటరు.