పడమటి యాంటెన్నా

సంగమ్మ ఇంటి మీద యాంటెన్నా గుల్బర్గా వైపు తిరిగి ఉండేది. టీవీ మెకానిక్ మాణిక్ వచ్చినప్పుడల్లా "అమ్మా, జర హైదరాబాద్ దిక్కు తిప్పుకో, తెలుగు సాఫ్‌గ వస్తది" అని మొత్తుకునేవాడు. ఆమె వింటే కదా! మొండితనంలో మా గల్లీలో సంగమ్మను మించినవాళ్లు లేరు.

ఆమెది కర్ణాటకలో హుమ్నాబాద్ దగ్గరి ఊరు. బెల్లం వ్యాపారి చెన్నబసప్పను చేసుకుని జహీరాబాద్ వచ్చింది. పిల్లలు కలగలేదు. ఎనభై ఒకటిలో ఆయన గల్లీకంతటికీ మొదటి టీవీ తెచ్చాడు, మరుసటి ఏడే గుండెనొప్పితో పోయాడు. ఆ ఇంట్లో ఇక మాట్లాడేది టీవీ ఒక్కటే. అదైనా తన కన్నడంలో మాట్లాడాలని ఆమె పట్టు.

వాళ్ల వైపు నాగుల పంచమికి అన్న వచ్చి, పెళ్లయిన చెల్లెల్ని పుట్టింటికి తీసుకుపోవాలి. పొలం దగ్గర మాటామాటా పెరిగి, ఆమె అన్న రేవణసిద్ధప్ప రావడం మానేశాడు. అయినా సంగమ్మ ఏటా పంచమినాడు తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, జొన్నపేలాల ఉండలు చేసి గడప మీద కూర్చునేది. ఆ రోజు ఆమెను పలకరించడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

ఆదివారం సాయంత్రాలు గుల్బర్గా నుంచి పిల్లల కోసం ఒక బొమ్మల కథ వచ్చేది. జపాన్ వాళ్లు గీసిందట. ఇంతింత కళ్ల పిల్ల ఒకతి, జాతరలో తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ, మేకను వెంటబెట్టుకుని ఊరూరా తిరుగుతుంది. బొమ్మ సగం చుక్కల్లోనే మునిగిపోయేది. మాటలైతే పోపులో ఆవాలు చిటపటలాడినట్టే. అందుకని సంగమ్మ చప్పుడు బాగా తగ్గించి, పీట వేసుకుని, టీవీకి చెవి ఆనించి, వినపడ్డది తెలుగు చేసి గట్టిగా చెప్పేది. వినపడనిది కల్పించేది. గది నిండా గల్లీ పిల్లలు.

"ఆ ముసలోడు ఏమంటుండు పెద్దమ్మా?" అని పక్కింటి బస్వరాజ్ అడిగేవాడు.

"మీ అన్న గీ ఊర్ల లేడు బిడ్డా, జర అన్నం తిని పో అంటుండు."

"మరి తింటదా?"

"ఎట్ల తింటదిరా, అన్న దొరకంది? మేకకు పెడ్తది."

కథ ఆగిపోగానే, వచ్చే వారమైనా దొరుకుతాడా అని పిల్లలు గోల పెట్టేవాళ్లు. "దొరకకుండ యాడికి పోతడు!" అని ఆమె కసిరినట్టే చెప్పి, తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేది. ఆ జవాబు పిల్లల కంటే ఆమెకే ఎక్కువ అవసరం. ఆదివారం ఒక్కటే ఆమెకు మనుషులున్న రోజు.

తర్వాత గల్లీలో టీవీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. యాంటెన్నాలన్నీ హైదరాబాద్ వైపే. అదే వేళకు అక్కడి నుంచి సినిమా. పాటలూ ఫైటింగులూ ఉండగా మేకను ఎవరు చూస్తారు? ఒక వారం సగం మంది రాలేదు. ఇంకో వారం బస్వరాజ్ ఒక్కడే వచ్చి, మధ్యలో లేచిపోయాడు. చిన్నపిల్లల్ని అని ఏం లాభం!

మాణిక్ నిచ్చెన కూడా తెచ్చాడు. "తిప్పుత అమ్మా. పోరగాండ్లు మళ్ల వస్తరు."

"వద్దు నాయనా. ఆ పిల్లకు అన్న దొరకనియ్యి."

ఇక ఆమె ఒక్కతే చూసేది. చెప్పించుకునేవాళ్లు లేకపోయినా అలవాటుకొద్దీ పీట మీద కూర్చుని, ఖాళీ గదికి తెలుగు చేసి చెప్పేది. గోడ అవతల బస్వరాజ్ వాళ్లమ్మ తారాబాయి అది విని "పాపం, మతి చెదిరినట్టుంది" అనుకునేది. మతి కాదు, ఒంటరితనం. కొన్నాళ్లకు ఆ గొంతు కూడా ఆగిపోయింది. కథ అయిపోయిందని ఎవరికీ తోచలేదు.

ఎనభై తొమ్మిదిలో బస్వరాజ్ హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. సెలవుకు వచ్చి, బస్టాండు నుంచి సంచీ భుజాన వేసుకుని గల్లీలోకి తిరిగేసరికి, సంగమ్మ కొత్త చీరలో గడప మీద కూర్చుని ఉంది. ఆ రోజు పంచమి అన్న సంగతి వాడికి గుర్తులేదు. అందుకే ఆగి పలకరించాడు.

"పెద్దమ్మా, మన మేక కథ యాదికున్నదా? హాస్టల్ల దోస్తులకు చెప్తే ఒక్కడు నమ్మడు. జపాన్ పిల్లయినా ఎంత మంచిగ తెలుగు మాట్లాడేది!"

సంగమ్మ వాడి ముఖంలోకి చూసింది. ఆ గొంతు తనదని చెప్పలేదు.

"ఇంతకు వాళ్లన్న దొరికిండా?"

"దొరికిండు బిడ్డా. అప్పుడే దొరికిండు. నేను ఉరికొచ్చి, గేటు కాడ నిలబడి, మిమ్ములందర్ని పేరు పేరున పిలిచిన. సినిమా చప్పుడుల మీకు వినపడలె."

ఆమె వాడి చేతిలో ఒక పేలాల ఉండ పెట్టి, వాడి వెనక దారికేసి చూసింది.

"బస్టాండుకెల్లే వచ్చినవ్ గదా. హుమ్నాబాద్ బస్సు వచ్చిందా?"