కోహీర్ నుంచి రాని రెండో కబురు

పోయిన మంగళవారం పొద్దున మా దుకాణంలో అల్లం బస్తాలు తూకం వేయిస్తుంటే జహీరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది సారు ఇంటి పక్కాయన. "సారు పోయిండు సేటూ, తెల్లారంగనే. పన్నెండు గంటలకు తీస్తరట, జల్ది రా" అని పెట్టేశాడు. హమాలీ బస్తాను కాంటా మీద పెట్టి, ఎంతో చెప్పమని నా ముఖం చూస్తున్నాడు. కాంటా వైపు చూశాను గానీ అంకె కనబడలేదు.

హైస్కూల్లో సైన్సు చెప్పిన సారు అంటే జహీరాబాద్‌లో పాత విద్యార్థులు గుర్తుపడతారు. వాగు పక్క ఊళ్లవాళ్లకు మాత్రం ఆయన వైర్‌లెస్ సారు. ఢిల్లీ నుంచి లైసెన్సు తెప్పించుకున్న హ్యామ్ రేడియో మనిషి. అంటే, సొంత యంత్రంతో దూరాన ఉన్న తనలాంటి వాళ్లతో గాలిలో మాట్లాడటానికి సర్కారు అనుమతి ఉన్నవాడు. దానికి జీతం లేదు, బిళ్లా బెత్తం లేదు. జీతం డబ్బుల్లోంచే మిగుల్చుకుని, హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో పాత సామాను ఏరుకొచ్చి, నాలుగేళ్లు కూర్చుని ఆ యంత్రం తయారుచేశారు. మిద్దె మీది నుంచి పెరట్లో వేపచెట్టుకు తీగ కట్టారు. యంత్రం పెట్టె వేడెక్కితే దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకునేవారు. ఎంతసేపైనా చల్లారేది కాదు. సారు భార్య, మా అందరికీ అమ్మగారు, వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవారు: "ఇంట్ల నేను మాట్లాడితే ఇనేటోడు లేడు. గాలిల ఎవడు మాట్లాడినా ఇంటడు."

డెబ్బైల చివర్లో కోస్తాలో పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఆయన్ని మొదటిసారి పనిలో చూశాను. అక్కడ తీగలన్నీ తెగిపోయాయి. ఎవరు బతికారో, ఎవరు లేరో పేర్లన్నీ గాలిలోనే వస్తున్నాయి. సారు మూడు రోజులు కుర్చీలోంచి లేవలేదు. ఒక చెవికి హెడ్‌ఫోను, రెండో చెవి ఇంట్లోవాళ్లకు. ప్రతి పేరూ రెండుసార్లు అడిగి, ముందు టైము రాసి, తర్వాత పేరు రాసి హైదరాబాద్‌కు అందించారు. అల్లం లారీ వెంట జహీరాబాద్ వెళ్లి, ఊరికే చూసొద్దామని ఆయన ఇంట్లో అడుగుపెట్టినవాణ్ణి, సాయంత్రం దాకా గోడకు ఆనుకుని నిలబడిపోయాను. పోతూ పోతూ, ఇంతసేపట్లో మీ సొంత మాటలు పది కూడా లేవేమిటి సార్ అని అడిగాను. "మనది ఇనే పని సేటూ. మాట్లాడేటోళ్లు మస్తు మంది ఉన్నరు" అన్నారు.

ఆ తర్వాత ఏడాది ఆయనే బస్సెక్కి కోహీర్‌లో మా దుకాణానికి వచ్చారు. అల్లానికి కాదు, ఫోనుకు. మా వాగు తీరు చెబితే గానీ ఆయన ఎందుకొచ్చారో మీకు తెలియదు. వాన కోహీర్ వైపు ఎత్తు గట్ల మీద కురుస్తుంది. కింద ఊళ్లలో ఎండ కాస్తూనే ఉంటుంది. సంతకు పోయిన బండ్లు చీలమండ లోతు నీళ్లలో వాగు దాటుతుంటాయి. అప్పుడు పైనుంచి నిలువెత్తు నీళ్లు వస్తాయి. ఏటా ఎవరో ఒకరు పోయేవారు. పైన ఫోను ఉన్నది ఇద్దరికే, కోహీర్‌లో నాకూ, మూడు కోసుల అవతలి ఊళ్లో పిండిగిర్ని ఆయనకూ. మేమిద్దరం మొగులు చూసి, మబ్బు ఎలా ఉందో సారుకు ఫోన్లో చెప్పాలి. సారు చీటీలు రాసి వాగు వైపు పోయే బస్సు కండక్టరు చేతికిస్తారు. కండక్టరు ఊరూరా ఒక చీటీ దింపుతాడు. చీటీ అందిన ఊళ్లో డప్పు వేస్తారు. ఏ బండీ వాగులో దిగదు.

మొగులు చూడటం నాకు ఆయనే నేర్పారు. బాగా నల్లగా ఉంది అంటే ఒప్పుకునేవారు కాదు, "బాగ అంటే ఎంత?" అనేవారు. ఎటు దిక్కున ఉంది, అడుగు ఏ రంగు, గాలి దాని వైపు పోతోందా, దాని నుంచి వస్తోందా, ఇవి చెప్పాలి. బడిపిల్లాడిలా నేర్చుకున్నాను. గర్వంగా కూడా ఉండేది. ఆయన బీదర్ వైపున్న తన రేడియో మిత్రుడితో పొద్దునా సాయంత్రం మాట్లాడి, మేం చెప్పినదానితో కలిపి చూసుకునేవారు. రెండు వానాకాలాలు వాగు ఒక్క మనిషిని కూడా తీసుకోలేదు.

మూడో ఏడు ఆ గర్వమే నన్ను తొందరపెట్టింది. ఒక మధ్యాహ్నం ఆకాశం చూసి, గిర్ని ఆయన్ని అడగకుండానే, పెద్ద వాన వస్తోంది సార్ అని ఫోన్ కొట్టాను. డప్పులు మోగాయి. ఒడ్డు పొలాల రైతులు భయపడి, ఇంకా ముదరని అల్లాన్ని ఆ పూటకే తవ్వి పోశారు. చుక్క పడలేదు. గాలి మొగుల్ని ఎటో తీసుకుపోయింది. మర్నాడు ఆ రైతులు బండెడు పచ్చి అల్లం తెచ్చి సారు గుమ్మం ముందు గుమ్మరించి పోయారు. ఎవరూ కొనని సరుకు అది, నేనూ కొనలేదు. కబురు ఎవరు చెప్పారని ఆయన్ని నిలదీస్తే, "నేనే తప్పు చూసిన" అన్నారట. ఆ కుప్ప అక్కడే కుళ్లింది. వీధంతా వారం రోజులు అల్లం వాసన.

అప్పట్నుంచి సారు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక్క కబురుతో చీటీ రాయరు. రెండో చోటు నుంచి కూడా వస్తేనే రాస్తారు. దానికి కారణం నేనేనని ఆయన ఏనాడూ అనలేదు.

ఆ మరుసటి ఏడు, సంత రోజున, మూడు గంటలప్పుడు సారే ఫోన్ చేశారు. "సేటూ, గిర్ని ఆయన చెప్పిండు, అక్కడ గట్టిగ కురుస్తుందట. నీకేమన్న కనవడుతున్నదా?"

బయటికి వెళ్లి చూశాను. మొగులు అడుగు ఆకుపచ్చ కలిసిన నలుపు. గాలి దాని వైపు గుంజుకుపోతోంది. ఆయన నేర్పిన గుర్తులన్నీ ఉన్నాయి. ఇందులో నాకు తెలియనిది ఏదీ లేదు, అది ఇక్కడ ఒప్పుకోవాలి. కానీ నా కళ్ల ముందు ఆ పచ్చి అల్లం కుప్ప ఉంది. ఫోను అందుకుని, "మొగులైతే అయ్యింది సార్. జర ఆగుండ్రి, చూసి చెప్త" అన్నాను.

"సరే, ఆగుత" అన్నారు.

మొదటి చుక్క పడనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను. పావుగంటకు పడింది. ఆ వెంటనే వాన గోడలా వచ్చి మీద పడింది. ఫోను ఎత్తితే చప్పుడు లేదు, లైను పోయింది. జహీరాబాద్‌లో ఆయన గంటసేపు నా కబురు కోసం కూర్చున్నారు. ఇక లాభం లేదని చీటీలు వదిలేసి, తానే సైకిలు తొక్కుకుంటూ వాగుకు పోయారు. పోయేసరికి నీళ్లు ఒడ్డు దాటి ఉన్నాయి. అప్పటికే ఒక బండి పోయింది. బండాయన శవం రెండు రోజుల తర్వాత తుమ్మ పొదల్లో దొరికింది. ఎద్దులు దొరకలేదు.

ఎందుకు చెప్పలేదని ఊళ్లన్నీ అడిగాయి. "నేను ఆగిన. తప్పు నాదే" అన్నారు సారు. అంతే చెప్పారు. ఎవరి కోసం ఆగారో అమ్మగారికి కూడా చెప్పలేదు. నాతో ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. కార్యాలయాల చుట్టూ తిరిగి బండాయన భార్యకు దవాఖానలో ఆయా పని ఇప్పించారు. యంత్రం ముందు కూర్చున్నా మాట్లాడటం మానేశారు. లైసెన్సు గడువు తీరితే మళ్లీ రాయించలేదు. గిర్ని ఆయన ఊరు విడిచాడు. చీటీలు లేవు, డప్పులు లేవు. వాగు ఇప్పటికీ మనుషుల్ని తీసుకుపోతోంది, మొన్నటి వానాకాలం కూడా ఇద్దరు పోయారు. ఇప్పుడు టీవీలో హైదరాబాద్ వాతావరణం చెబుతున్నారు. మా గట్ల మీద మొగులు చూసేవాడు లేడు, చూసినా వినేవాడు లేడు. ఇంక వస్తాడన్న ఆశ కూడా నాకు లేదు.

ఆ ఆయా ఒకసారి అల్లం కొనడానికి మా దుకాణానికి వచ్చింది. "సారు మంచోడే సేటూ. గని ఆ దినం ఎందుకు ఆగిండో ఏమో" అంది. నేను కాంటా సరిచేస్తున్నట్టు వంగిపోయాను. ఆమెకు చదువు రాదు. అందుకే ఇది రాయడానికి నాకింత ధైర్యం వచ్చిందని మీరు అనుకుంటే, అది నిజమే.

సారు పోవడానికి పది రోజుల ముందు చెప్పేద్దామని దవాఖానకు వెళ్లాను. వార్డు నిండా జనం. ముప్పై ఏళ్లు హెడ్‌ఫోను బిగించుకోవడం వల్లనో, వయసు వల్లనో, ఆయన చెవులు దాదాపు పోయాయి. మంచం పక్కన ఆ ఆయానే ఆయనకు గంజి తాగిస్తోంది. వంగి, మెల్లగా, "సార్, ఆ దినం..." అని మొదలుపెట్టాను. ఆయన తల ఊపి, "గట్టిగ చెప్పు" అన్నారు. కొంచెం గొంతు పెంచాను. "ఇనొస్తలేదు సేటూ, గట్టిగ" అన్నారు.

నా ఇబ్బంది చూసి ఆయా గిన్నె కింద పెట్టింది. "మీ గొంతు ఇనరాదు సేటూ. నా గొంతైతే ఇంటడు. ఏందో నాకు చెప్పుండ్రి, నేను చెప్త" అంది.

ఆమె ముఖం వైపు చూశాను. ఆమె నిజంగానే చెప్పడానికి సిద్ధంగా ఉంది.

"తిన్నరా అని అడుగు" అన్నాను.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి, వార్డంతా తిరిగి చూసేలా, "తిన్నరా అని అడుగుతున్నడు సారూ" అని అరిచింది. తిన్నానన్నట్టు ఆయన తల ఊపారు. ఆమె కొంగుతో ఆయన గడ్డం తుడిచి, గిన్నె తీసుకుని పక్క మంచానికి వెళ్లింది. సారు మాత్రం, నేను ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టు, చెవిని నా వైపే పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు.