ఎర్రవేళ్ళ మెకానిక్కు

తొంభైల్లో బందరులో మా చర్చి గిటారు నేనే వాయించేవాణ్ణి. కాలితో తొక్కితే దాని గొంతును గరగరలాడించే పెడల్ చేసిపెట్టింది మా వీధి రేడియో మెకానిక్కుగారు. రాగిరేకు మీద భార్య గోళ్ళరంగుతో గీతలు గీసి, రాగిని కరిగించే మందునీళ్ళలో నానబెట్టి, సర్క్యూట్ బోర్డు ఆయనే తయారుచేసేవారు. దాంతో ఆయన వేళ్ళు ఎప్పుడూ పెళ్ళికూతురి వేళ్ళలా ఎర్రగా ఉండేవి. ఎవరేమడిగినా వాటిని పైకెత్తి, "చూద్దామండీ" అనేవారు.

నా బోర్డును ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో బిగించారు. "రేకుడబ్బా అయితే గిటారులోకి రేడియో స్టేషన్లు దూరవు కదండీ?" అన్నాను.

"చూద్దామండీ."

ఆదివారం పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "మాట్లాడు ప్రభువా!" అంటుండగా నా కాలు పెడల్ మీద పడింది. చర్చి పైనున్న మైకులోంచి గంభీరమైన గొంతొకటి పలికింది: "మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు."

"ఆమెన్" అన్నారు అందరూ.

మర్నాడు కోపంగా షాపుకెళ్తే, పక్కపేట పడవల పెద్దాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ గొంతు విని వాళ్ళు పడవలు ఒడ్డుకు లాగేశారట. సాయంత్రానికి సముద్రం పొంగిందట.

"బాబూ, రోజూ వార్తల టైముకి దాన్నోసారి తొక్కుతావా?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ఎర్రవేళ్ళు పైకి లేచాయి.

"చూద్దామండీ."